గడ్డి సంచిలో కట్టె

గోవర్ధన్ తన బొమ్మల కార్ఖానాలో అడుగుపెట్టేసరికి, బాగుచెయ్యడానికి తెచ్చి మూలన పెట్టిన పెద్ద గోనెసంచి కనిపించలేదు.

"ఓదెలన్నా, రగ్బీ సంచేది?"

"పొద్దుగాలనే మీ బిడ్డ రశ్మి ఆటోల ఏస్కపోయింది సేటూ." ఓదెలు వినాయకుడి తొండానికి గరుకు కాగితం రుద్దుతూనే జవాబిచ్చాడు. "ఈసారి నడుమ ఒంగదు. ఒంగితే నా పేరు మార్చు."

"గడ్డి మస్తు కుక్కినవా?"

"ఉత్త గడ్డితోని ఏ బొమ్మన్న నిలబడ్తదా? లోపట సర్వి కట్టె దించిన. గడ్డి జారకుండ నడుం కాడ చుట్టూ మొనలు బయటికి తేలేటట్టు మేకులు గూడ కొట్టిన."

గోవర్ధన్ చేతిలో చాయ్ గ్లాసు జారి పగిలింది.

ధూల్‌పేట్‌లో ఏ బొమ్మకైనా వెన్నెముక కట్టే. ముప్పై ఏళ్లుగా ఓదెలు చేతులకు తెలిసిన పని అది. కానీ ఈ సంచిని నిలబెట్టి పూజ చెయ్యరు. ఆడపిల్లలు పరుగెత్తుకొచ్చి దాని నడుముకు భుజం గుద్ది, చెంప ఆనించి, రెండు చేతులా చుట్టేసి దాంతోపాటు కింద పడతారు. మొన్న ఇంట్లో పన్నెండేళ్ల రశ్మి తండ్రి నడుమునే పట్టుకుని చూపించింది. "తల ఇట్ల పక్కకు ఉండాలె బాపూ. లేకుంటే మెడ పోతది" అని నవ్వింది కూడా.

కోచ్ సామ్యూల్‌కు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఆట మొదలైతే అందరి ఫోన్లూ బ్యాగుల్లోనే, కోచ్‌ది కూడా.

స్కూటర్ గ్రౌండున్న సైదాబాద్ దారి పట్టింది. అఫ్జల్‌గంజ్ దగ్గర బేగంబజార్ తోపుడుబండ్లు అడ్డం.

"హటో భాయ్! జర జరుగు!"

"ఏంది సేటూ, ముహూర్తం దాటిపోతుందా?" హమాలీ పళ్లికిలించాడు.

గోవర్ధన్‌కు మిగిలింది ఒక్కటే ఆశ. సామ్యూల్ ఎవరినీ తొందరపెట్టడు. డిపోలో బస్సులు బాగుచేసే మనిషి, పిల్లలకూ అలాగే ఓపికగా నేర్పుతాడు. ముందు మోకాళ్ల మీద కూర్చుని సంచిని పట్టుకోవాలి. తర్వాత నడిచొచ్చి. ఆఖరికి పరుగు. 'ఇంకా మోకాళ్ల మీదే ఉంటారు' అనుకున్నాడు చాదర్‌ఘాట్‌లో. మలక్‌పేట సిగ్నల్ దగ్గర 'నడుస్తుంటారేమో' అనుకున్నాడు. ఆ తర్వాత ఏమీ అనుకోలేకపోయాడు.

గ్రౌండ్ గేటులోంచి చూస్తే ఎవరూ మోకాళ్ల మీద లేరు.

అందరి మోకాళ్లకూ మట్టి. అందరూ వరసలో నిలబడి ఉన్నారు. రోజూ సంచిని వెనక నుంచి పట్టుకునే సామ్యూల్ ఇవాళ పక్కన నిలబడి మురిసిపోతున్నాడు. సంచి తనంతట తాను నిటారుగా నిలబడింది, అచ్చం బొమ్మలాగే. వరసలో ముందున్నది రశ్మి.

"ఆగు! రశ్మీ, ఆగు!"

పిల్లల గోలలో ఆ కేక కలిసిపోయింది. రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. రశ్మి చూసింది. ఒక్కసారైనా గ్రౌండుకు రాని బాపు, చేతులూపుతున్నాడు! ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. విజిల్ మోగింది. ఎన్నడూ లేనంత వేగంగా పరుగెత్తింది.

స్కూటర్‌ను వదిలేసి గోవర్ధన్ కూడా పరుగెత్తాడు. అడ్డం నుంచి సంచి మీద పడి, దాన్ని కావలించుకుని నేలకూలాడు. లోపలిదేదో చేతిని చీల్చింది. రశ్మి అతని కాళ్లు తగిలి, పల్టీ కొట్టి అవతల పడింది.

"సార్, ఆ అంకుల్ తల తప్పు పక్కకు పెట్టిండు!" వరసలో ఎవరో అన్నారు. పిల్లలు గొల్లుమన్నారు.

"ఏందన్నా గిది? పిల్లకు తగిలితే?" సామ్యూల్ అరుస్తూ వచ్చాడు.

గోవర్ధన్ చినిగిన గోనెను పక్కకు లాగాడు. గడ్డిలోంచి మేకులు బయటికి చూస్తున్నాయి. ఒకదాని మీద అతని నెత్తురు.

సామ్యూల్ ముఖం పాలిపోయింది. "ఇంతసేపు దీన్నేనా పట్టుకున్నరు అందరు..." గొణిగాడు. ఎవరూ కదలకపోయినా విజిల్ ఊదాడు. "దూరం! అందరు దూరం పోండి!"

రశ్మి మట్టి దులుపుకుంటూ, నవ్వుతూనే వచ్చింది. "నా ఆట చూడనీకి వచ్చినవనుకున్న బాపూ."

వంగి ఆ మేకును వేలితో తాకింది. అదే వేలు మెల్లగా తన చెంప మీదికి, కంటి పక్కకు వెళ్లి అక్కడ ఆగింది. నవ్వు పోయింది.

గోవర్ధన్ ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. నెత్తురంటుతుందని తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రశ్మే దాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"తల ఏ పక్కకు పెట్టాల్నో చెప్పిన గదా బాపూ," అంది ఏడుస్తూ. "చెప్పిన గదా నీకు."