కాలితో తొక్కే మిషన్లు

కాళ్ళు పనిచేయని పిల్లలకు కుట్టుపని నేర్పడానికి కాలితో తొక్కే మిషన్లు కొన్న మహానుభావుడు ఆ వికలాంగుల శిక్షణ కేంద్రం డైరెక్టరు. తర్వాత ఎవరో దాత ఆరు మోటార్లు పంపితే, పెట్టెలైనా విప్పకుండా తన గదిలో బీరువా పక్కన పేర్చుకున్నాడు. పిల్లలు పాడుచేస్తారట.

మూడేళ్ళుగా అక్కడి ముప్పైమందీ పొద్దస్తమానం మందుల షాపులకు కాగితం కవర్లు మడుస్తున్నారు. పెద్దలెవరైనా వస్తే మిషన్ల మీది ప్లాస్టిక్ గుడ్డలు తీసి, పిల్లల్ని ముందు కూర్చోబెట్టి ఫొటోలు దిగుతారు. సూదుల్లో దారం కూడా ఉండదు.

వాళ్ళలో ఒకమ్మాయిని అందరూ ‘సూది’ అంటారు. పంతొమ్మిదేళ్ళు. రెండు కాళ్ళకూ ఇనుప కాలిపర్లు. నోరు మాత్రం ఏ ఊతమూ లేకుండా నడుస్తుంది.

ఒకరోజు పొద్దున డైరెక్టరు గది ఊడవడానికి తెరిచి ఉంది. ‘రెంచి’ అని పిలిచే చెవిటి యువకుడు ఒక మోటారు తెచ్చి మిషన్‌కు బిగించాడు. మోటారుతో వచ్చిన తొక్కే మీటను బల్ల అంచుకు కట్టి, మోచేతితో నొక్కమని సూదికి సైగ చేశాడు. నొక్కింది. గుడ్డ సర్రున జరిగింది. మూడేళ్ళలో మొదటి కుట్టు! కాస్త వంకరగా పడింది గాని, ఆ పిల్లకు ఒళ్ళు పులకరించింది.

డైరెక్టరు వచ్చి వైరు పీకేశాడు. రెంచిని పట్టుకుని చెంప పగలగొట్టాడు.

“చెవిటి వెధవా, నీ అబ్బ సొత్తనుకున్నావా? రేపు సామాను సర్దుకో!”

మధ్యాహ్నం భోజనాల గదిలో అంతా అదే మాట.

“మనకెందుకే గొడవ? గెంటేస్తే ఇంట్లో మూల కూర్చోవాలి” అంది చంకకర్రల పిల్ల.

“ఇక్కడేం సింహాసనమెక్కావే? అదీ మూలే, ఇదీ మూలే” అంది సూది. “మనకి పనొస్తే వెళ్ళిపోతాం. అప్పుడాయన ఎవర్ని చూపించి చెయ్యి చాపుతాడు?”

“అంటే అడుక్కునేది ఆయన, పేరు మనదన్నమాట!” అన్నాడు ‘రేడియో’. అతనికి చూపు లేదు.

గదంతా నవ్వింది. ఆ మాట రెంచికి సైగల్లో చెప్పారు. అతనూ నవ్వాడు, వాచిన చెంపతోనే.

మర్నాడు పెద్దలు వచ్చారు. డైరెక్టరు తేనె పూసిన గొంతుతో, “వీళ్ళు దేవుడి బిడ్డలండీ” అన్నాడు.

“దేవుడి బిడ్డలచేత కవర్లు మడిపిస్తారేంటి సార్?” అంది సూది. “అమ్మా, మీరే చూడండి. ఈ సూదిలో దారముందా?”

నల్లకళ్ళద్దాల పెద్దావిడ మొహం చిట్లించింది. “ఎంత పెట్టినా విశ్వాసం ఉండదు వీళ్ళకి.”

అంతే. ముప్పైమందీ కదిలారు. డైరెక్టరు గదిలోంచి పెట్టెలు చేతులు మారుతూ వచ్చాయి. గుమ్మానికి అడ్డంగా చంకకర్రలు పడ్డాయి, అన్నిటికంటే ముందు నిన్న భయపడిన పిల్లవి. రెంచి మోటార్లన్నీ బిగించాడు. ఆరు మిషన్లూ ఒక్కసారి మోగాయి. పెద్దలు చెప్పులు వెతుక్కున్నారు.

డైరెక్టరు ఫోన్ చేస్తే పోలీసులొచ్చారు. వ్యాను మెట్టు నడుమెత్తు ఉంది. వీళ్ళను ఎలా ఎక్కించాలో తెలియక జుట్టు పీక్కున్నారు.

“మీకూ శిక్షణ ఇవ్వలేదా అన్నా?” అని అడిగింది సూది.

చివరికి బస్తాల్లా మోసి ఎక్కించారు. వెనకాలే డైరెక్టరు మోటార్లు ఊడదీయించి, మళ్ళీ తన గదిలో పెట్టి తాళం వేసుకున్నాడు.

స్టేషన్లో రైటరు తలెత్తకుండా రాసుకుంటూ, “వృత్తి... వికలాంగురాలు” అన్నాడు.

“అది వృత్తి కాదన్నా. కొట్టెయ్. దర్జీ అని రాయి.”

“కుట్టడం వచ్చా నీకు?”

“నిన్నట్నుంచి వచ్చు.”

రెంచి ముందుకొచ్చి గాల్లో మర బిగించాడు. “మెకానిక్ అంటున్నాడు, రాసుకో” అంది సూది.

వెనక వరసలో ఇంకా ఇరవై ఎనిమిదిమంది ఉన్నారు. బయట తల్లులు గేటు పట్టుకుని ఊపుతున్నారు. ఆసుపత్రి ఊడ్చి అట్నుంచటే వచ్చిన సూది తల్లి గొంతు అందరికంటే పైకి వినిపిస్తోంది:

“పిల్లల్ని వదలండి! మోటార్లు మేమే తెచ్చుకుంటాం, ఆ గది తాళం ఎవడేస్తాడో చూస్తాం!”

రైటరు కలం మూసి, ఇన్‌స్పెక్టరు కోసం కేకేశాడు.