ఊరందరి ఆమెన్

గంట తాడు చివరి ఉన్ని కుచ్చును రెండు చేతులా పట్టుకుని జేబెజ్ హార్బిన్ ఒంటి బరువంతా వేసి లాగాడు. పైన గంట బద్ధకంగా కదిలి, కాస్త ఆలోచించుకుని, అప్పుడు మోగింది. మనిషి పొట్టి. తాడు పైకి పోయినప్పుడల్లా మడమలు నేల విడిచేవి. ఆదివారాల్లో వేసుకునే నల్లకోటు మోచేతుల దగ్గర వెలిసిపోయింది. తెల్లటి చెంపవెంట్రుకలు, ఎర్రటి ముక్కు, అంత చిన్న ఒంట్లో ఎలా పట్టిందో తెలియని కంచు గొంతు. ఈమధ్య గంట బరువెక్కిందని అతని అనుమానం. మధ్యలో ఆగి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఊపిరి తీసుకుని, మళ్ళీ లాగాడు.

మా ఆష్‌కూమ్ చర్చికి అతను గుమాస్తా. అంటే రాతకోతల మనిషనుకునేరు. గంట కొట్టడం, లోపలికొచ్చిన కుక్కల్ని తరమడం, బాప్తిస్మపు తొట్టిలో నీళ్ళు పొయ్యడం, సమాధులకి గోతులు తవ్వడం, ప్రసంగంలో కునికేవాళ్ళ నెత్తిమీద బొడిపె కర్రతో తట్టడం, కీర్తనకు ముందు చెక్క ఈల ఊది శ్రుతి అందించడం, అన్నీ అతని పనే. వీటన్నిటికన్నా పెద్దది ఇంకొకటుంది. ఆరాధన నడిపే పాదిరి అయ్యగారు ప్రార్థన ముగించగానే ఊరందరి తరఫునా ఆమెన్ అనాలి. పూర్వం వాళ్ళ నాన్న అనేవాడు, ఆయన పోయాక ఇతను అందుకున్నాడు. మేమంతా ఆ పూటకి నోటికి సెలవిచ్చి కూర్చునేవాళ్ళం.

కొత్తగా వచ్చిన లవెల్ అయ్యగారికి మాత్రం ఆ పద్ధతి మింగుడు పడలేదు. కుర్ర మనిషి, మంచివాడే, కాకపోతే పుస్తకాలు ఎక్కువ చదివాడు. జేబెజ్ భార్య టామ్‌సిన్ ఉతికి మడతపెట్టి తెచ్చిన తెల్లంగీ తొడుక్కుంటూ అసలు సంగతి బయటపెట్టాడు.

“హార్బిన్ గారూ, ఇవాళ్టి నుంచి ఆమెన్ జనమే అనాలి. మీరు అనకండి.”

“వాళ్ళు అనరండి అయ్యగారూ. అలవాటు లేదు.”

“మీరు అనేస్తున్నారని వాళ్ళు ఊరుకుంటున్నారు. మీరు ఊరుకుంటే వాళ్ళే అంటారు.”

జేబెజ్ మనసులో లెక్క వేసుకున్నాడు. గంట ఎవడైనా కొడతాడు, గొయ్యి ఎవడైనా తవ్వుతాడు. ఆమెన్ కూడా పోతే ఇంక తనెవరు? ఏడుపొక్కటే తక్కువ. అయినా తల ఊపాడు.

అయ్యగారు అటు వెళ్ళగానే టామ్‌సిన్ అంది, “నోరు మూసుకోమని ఇన్నేళ్ళుగా నేను మొత్తుకుంటే విన్నావా? దానికి ఇంత చదువుకున్నోడు రావాల్సొచ్చింది.” అంటూనే అతని కోటు కాలరు సర్ది, ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంచింది.

ఆరాధన మొదలైంది. మూడంతస్తుల చెక్క వేదికలో నడిమి అంతస్తున అయ్యగారు, అడుగున తన గూట్లో జేబెజ్, ఎదురుగా మోకాళ్ళ మీద మేము. మొదటి ప్రార్థన చక్కగా సాగి, చక్కగా ముగిసింది.

ఆ తర్వాత ఏమీ లేదు.

మేము జేబెజ్ వంక చూశాం. జేబెజ్ కప్పు వంక చూశాడు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నట్టు వారం వారం గోడకానుకుని నిద్రపోయే, మిల్లు నడిపే పాస్క్, ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచాడు. వెనక వరసలోంచి డైనా అవ్వ, తనకి వినపడదు గనక ఎవరికీ వినపడదనుకుని, “గుమాస్తాకి ఏమొచ్చిందే? బాగానే ఉన్నాడా?” అంది. అయ్యగారు ప్రార్థనలో చివరి మాటలు మళ్ళీ చదివి ఆగాడు. ఎవరూ పెదవి కదపలేదు. గుమాస్తా ఉండగా ఆమెన్ అనడానికి మేమెవరం? ఒకరి కంచంలో ఇంకొకరు చెయ్యి పెడతారా?

జేబెజ్‌కి లోపల సంబరంగానే ఉంది, అబద్ధమెందుకు. బాగా అయిందనుకున్నాడు. తలెత్తి చూస్తే అయ్యగారి చెవులు ఎర్రబడి ఉన్నాయి. పుస్తకంలో అదే పేజీ అటూ ఇటూ తిప్పుతున్నాడు. చూడగానే సంబరం కాస్తా చప్పబడిపోయింది. పాపం, ఎవరి బిడ్డో.

అనకూడదన్నారు గాని ఊదకూడదనలేదు. చెక్క ఈల తీశాడు. లోపలికీ బయటికీ జరిగే దాని శ్రుతి పుల్లను ఎప్పుడూ కీర్తనకు లాగే గీత దాకా లాగి, శ్రుతి ఊదాడు.

ఆ శ్రుతి వింటే మా ఊళ్ళో పసిపిల్లలు కూడా నోరు తెరుస్తారు. మోకాళ్ళ మీదున్న వాళ్ళం తటాలున లేచి నిలబడ్డాం. ఏం పాడాలో తెలియక, నోటికొచ్చిన ఒక్క మాటనే పాడేశాం. ఆమెన్. కప్పులో గబ్బిలాలు లేచాయి. అలా ప్రతి ప్రార్థనకీ ఈల, ఈల వెంట ఆమెన్. చివరికొచ్చేసరికి అతను ఊదీ ఊదనట్టు ఊదినా సరిపోయింది.

ఊరి చాటింపులూ గుమాస్తా పనే గనక, ఆరాధన అయ్యాక జేబెజ్ బయట సమాధి రాయి మీద నిలబడి, పాస్క్ గారి చెవి తెగిన పంది తప్పిపోయిందని అరిచి చెప్పాక, అయ్యగారు దగ్గరకొచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

“మీరు నా పరువు నిలబెట్టారు.”

“ఇంకొన్నాళ్ళు ఊదాలండి. తర్వాత ఈల కూడా అక్కర్లేదు.”

ఇంట్లో పందిమాంసం కుడుము కోసి పెడుతూ టామ్‌సిన్ అడిగింది, “ఈల కూడా అక్కర్లేకపోతే ఏం చేస్తావు?”

“పాస్క్ గాడి పక్కన కూర్చుని నిద్రపోతా. ఇన్నేళ్ళు అందర్నీ లేపాను, ఒక్కసారన్నా ఆ సుఖం చూడొద్దూ?” అంటూ కుడుము సగంలోనే ఆపేశాడు. ఆకలిగా లేదన్నాడు.

మధ్యాహ్నం ఆరాధనకి ఎండ రంగుటద్దాల్లోంచి పడి జేబెజ్ గూడంతా వెచ్చగా ఉంది. కీర్తనలకి ఊదాడు, ప్రార్థనలకి ఊదాడు. తర్వాత ప్రసంగం. అది పొడుగ్గానే సాగింది. అయ్యగారు ముగించి, చివరి దీవెనకి చెయ్యెత్తి, కిందికి చూశాడు.

జేబెజ్ తల పక్క చెక్కకి ఆనుకుని ఉంది. కళ్ళు మూసుకున్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది. ఈల ఒళ్ళో ఉంది.

చర్చి అంతా కిసుక్కుమంది. ఇన్నాళ్ళకి దొరికాడు. పాస్క్ ముఖం వెలిగిపోయింది. వేదికకి ఆనించిన బొడిపె కర్రను చప్పుడు కాకుండా అందుకుని, మునివేళ్ళ మీద ముందుకు నడిచాడు. టామ్‌సిన్ వేలు అడ్డంగా ఊపింది.

“వద్దు పాస్కూ. తెల్లారకముందే లేచాడు. కాసేపు పడుకోనీ,” అని గుసగుసగా అంది.

పాస్క్ కర్ర దించాడు. అయ్యగారు నవ్వు ఆపుకుని, చాలా మెల్లగా, దాదాపు ఊపిరితో, దీవెన పలికాడు. మేమంతా, డైనా అవ్వతో సహా, అతనికి మెలకువ రాకుండా ఆమెన్ అన్నాం. ఈల లేదు, శ్రుతి లేదు. అయినా అందరి గొంతూ ఒకే చోట పడింది.

మునివేళ్ళ మీద బయటికి నడుస్తూ వెనక్కి చూశాం. టామ్‌సిన్ అతన్ని లేపుదామని వంగి చెంప మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యలేదు. పాస్క్ కర్రను బల్ల మీద పడుకోబెట్టి, పోయినవాళ్ళ ముందు తీసినట్టు తీద్దామని, నెత్తిన లేని టోపీ కోసం తడుముకున్నాడు.

ప్రాణం పోయేముందు ఆ ఆమెన్ అతను విన్నాడా లేదా అని సారాకొట్లో ఇప్పటికీ వాదన జరుగుతుంది. వినే పోయాడని పాస్క్ ఒట్టేస్తాడు. వినకుండా ఎక్కడికి పోతాడు, మనం తప్పుగా అనుంటే లేచి దిద్దేవాడు కాదూ, అంటుంది టామ్‌సిన్.

అతని ఒళ్ళోంచి తీసిన చెక్క ఈల ఇప్పటికీ అడుగు గూట్లో బల్ల మీదే ఉంది. దాని పుల్ల అతను లాగిన గీత దగ్గరే ఉంది. ఎవరూ లోపలికి తొయ్యలేదు.