దుర్మార్గుల దండు, ఇరవై రెండో భాగం

నేను ఒక బొమ్మల కథల పుస్తకాన్ని. 'దుర్మార్గుల దండు' ఇరవై రెండో భాగాన్ని. కొత్తమాసు వెంకటరత్నం అనే పెద్దమనిషి నా జోలికి రాకుండా ఉంటే, నేనూ నా ముందువాటిలాగే వంద చేతులు మారి, చెమట మరకలు పట్టి, పేజీలు ఊడి, గౌరవంగా చిరిగిపోయేదాన్ని. నా లోపలి పేజీలో ఆయన పేరు నా పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉంది. ఇన్నేళ్లుగా మోస్తున్నాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

నాకు ముందు ఇరవై ఒక్క భాగాలు వచ్చాయి. అన్నిటికీ కథ రాసి బొమ్మలు గీసింది పాలపర్తి మాస్టారే. దండులో ఐదుగురు. విషాలు కలిపే నాయకుడు కాలకూటం, గోడలు కూల్చే గుండ్రాయి, ఏ వేషమైనా వేసే మాయమ్మ, ఇనుపచెయ్యి, మిణుగురు. పాడుబడిన రైసుమిల్లులో కూర్చుని ప్రతిసారీ ప్రపంచాన్ని పట్టేయడానికి పథకం వేస్తారు. పట్టకముందే వాటాల దగ్గర జుట్లు పట్టుకుంటారు. ఓడిపోతారు. కానీ ఒకడు దొరికితే మిగతా నలుగురూ పారిపోరు. తిట్టుకుంటూనే వెనక్కి వస్తారు, కలిసి చిక్కుతారు, తర్వాతి భాగంలో జైలు గోడకు కన్నం వేసుకుని కలిసే బయటపడతారు. ఇరవై ఒక్క సార్లు ఇదే కథ. అయినా జనానికి విసుగు రాలేదు. మంచివాళ్ల కథలు చెప్పేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. మన కోసం వెనక్కి వచ్చేవాళ్లు ఎంతమంది?

మాస్టారు పోయాక ఆరేళ్లు దండు అచ్చు కాలేదు. తర్వాత హక్కులు విజయవాడ ప్రచురణకర్త అల్లుడైన వెంకటరత్నం చేతికొచ్చాయి. దొంగల పుస్తకాన్ని బడుల్లో పెట్టరు, మంచి పుస్తకమైతే బడికో కట్ట అమ్ముకోవచ్చు అని ఆయన లెక్కేశాడు. అందుకని దొంగల్ని బాగుచేశాడు. నా నలభయ్యో పేజీలో కాలకూటం మిగతా నలుగురినీ పోలీసులకు పట్టిచ్చేస్తాడు. కలెక్టరు చేత పతకం వేయించుకుంటాడు. ఆఖరి పేజీ నిండా నీతులు చెబుతాడు. అచ్చు మిషన్ నడిపే ముసలాయన తడి ఆరని ఆ పేజీ తీసి చదివి, "ఈడికేం పోయేకాలం వచ్చిందిరా!" అన్నాడు. నా గురించి నేను విన్న మొదటి మాట అది. చివరికి బడులవాళ్లూ కొనలేదు.

నన్ను కొన్నది నిడదవోలు స్టేషన్ రోడ్డులో అద్దె పుస్తకాల షాపు నడిపే మట్టపర్తి సత్తిరాజు. ఆరో తరగతిలో బడి మానేసిన మనిషి. ఆయనకు చదవడం బాగా పట్టుబడింది దండు పుస్తకాలతోనే. కొత్త పుస్తకం రాగానే దబ్బనంతో పొడిచి, పురికొసతో కుట్టి, సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసేవాడు. ఆ తర్వాత అద్దెకివ్వకుండా ముందు తనే పూర్తిగా చదివేవాడు. బాగుంటే మొదటి పేజీ మీద 'చదివాను. తీసుకెళ్లండి' అని రాసి సంతకం పెట్టేవాడు. బాగోకపోతే 'చదివాను. మీ ఇష్టం' అని రాసేవాడు. ఇరవయ్యేళ్లుగా ఆ ఊళ్లో పుస్తకం పట్టుకున్నవాళ్లు కథ పేరు చూసేవాళ్లు కాదు, ఆ రెండు మాటల్లో ఏది ఉందో చూసేవాళ్లు. మనుషులు చిత్రమైనవాళ్లు. సొంత బావమరిది చెబితే నమ్మరు గానీ సత్తిరాజు నీలం సిరాను నమ్మారు.

అప్పటికే ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చి షాపు వెలవెలబోతోంది. 'దండు వస్తోంది' అని ఆయన పలక మీద రాసి బయట పెట్టగానే, మానేసినవాళ్లు కూడా తిరిగొచ్చి వరసలో పేర్లు రాయించుకున్నారు. ఈ ఒక్క పుస్తకం నిలబడితే షాపూ నిలబడుతుందని ఆయన ఆశ.

ఒక మధ్యాహ్నం నన్ను చదవడానికి కూర్చున్నాడు. నలభయ్యో పేజీ దగ్గర ఆగి, మధ్యలో కాగితం ఏదైనా జారిపోయిందేమోనని కుట్టు విప్పదీసి చూశాడు. ఏదీ జారలేదు. మొదటి నుంచి మళ్లీ చదివాడు. కలం మూత తీసి ములుకును నా మొదటి పేజీ మీద ఆనించాడు. బల్లకు అవతల అప్పటికే పదిమంది నిలబడి ఉన్నారు.

"ఏం సత్తిరాజూ, ఈసారైనా కాలకూటం నెగ్గేడా?" అని గూడ్సుబండి గార్డు అడిగాడు.

"నేనే సెప్పేత్తే మీరెందుకండీ సదవడం!" అని నవ్వి, 'చదివాను. తీసుకెళ్లండి' అని రాశాడు. ఆ సిరా నాలోకి ఇంకడం నాకు తెలుస్తూనే ఉంది. నాకు నోరుంటే అక్కడే అరిచేదాన్ని.

వరసలో మొదటి పేరు నాగూర్‌బీది. జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతుంది. ఆమె భర్త మస్తాన్ లారీ డ్రైవరు. లోడు మీద నుంచి పడి నడుం విరిగి మూడేళ్లుగా మంచం మీదున్నాడు. మొదట్లో రోజూ పలకరించడానికి వచ్చిన తోటి డ్రైవర్లు ఇప్పుడు పండక్కి కూడా రారు. నాగూర్‌బీ మిషన్ ఆపి అతనికి నన్ను చదివి వినిపించింది. నలభయ్యో పేజీ దగ్గర అతను చెయ్యెత్తాడు.

"పేజీ తప్పేవు. మళ్లీ సదువు."

మళ్లీ చదివింది.

"నలుగుర్నీ పట్టిచ్చేసేడా? కాలకూటవే?"

"అలాగే ఉంది మరి."

అతను నన్ను అందుకుని మొదటి పేజీ తిప్పి నీలం సంతకం చూశాడు. "సత్తిరాజుగారు ఇది సదవలేదే. జనం మీద పడుంటారు, కంగారులో సంతకం గీకేసుంటాడు. సదివితే ఇలా రాసే మనిషా? పొద్దున్నే ఎల్లి అడుగు."

మర్నాడు నాగూర్‌బీ నన్ను తీసుకుని షాపుకెళ్లింది. గార్డుతో సహా నలుగురైదుగురు అక్కడే ఉన్నారు.

"సత్తిరాజుగారూ, మా ఆయన మీ తరఫున పందెం కాస్తున్నాడండి. మీరు దీన్ని సదవలేదంట!"

అందరూ నవ్వారు. సత్తిరాజుకు దారి అక్కడే ఉంది. 'కంగారులో చదవలేదమ్మా' అంటే ఊరు క్షమించేసేది. కంగారును ఎవరైనా క్షమిస్తారు. కానీ చదవకుండా సంతకం పెట్టానని ఒప్పుకోవడానికి ఆ ఆరో తరగతి మనిషికి ప్రాణం ఒప్పలేదు. ఇరవయ్యేళ్ల పౌరుషం అది.

"సదివేనమ్మా" అన్నాడు. "రెండుసార్లు."

"మీకు నచ్చిందాండీ?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మరి తీస్కెళ్లమన్నారే!"

నాగూర్‌బీ నన్ను బల్ల మీద పెట్టి కొంగు సర్దుకుంది. "పోన్లెండి. సదవలేదన్నారనే సెబుతాను ఆయనకి" అని వెళ్లిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజంతా సత్తిరాజు అన్నం క్యారేజీ మూత తీయలేదు. తర్వాత కలం తీసి 'తీసుకెళ్లండి' కొట్టేసి పక్కన 'మీ ఇష్టం' అని రాశాడు. ఎవరూ చూడలేదు. ఆ రోజు నుంచి మొదటి పేజీ తిప్పి చూసేవాళ్లే లేరు. "ఇది రెండుసార్లు సదివిందా, ఒకసారి సదివిందా?" అని గార్డు ఒకసారి వేళాకోళమాడాడు. తర్వాత అతనూ రావడం మానేశాడు. మస్తాన్ కోసం సత్తిరాజే పాత భాగాలు సంచిలో పెట్టుకుని రెండుసార్లు వాళ్ల ఇంటిదాకా వెళ్లి, గుమ్మం దగ్గర పెట్టి, పిలవకుండా తిరిగొచ్చాడు.

నేను ఇంకో రకంగా పుట్టి ఉంటే అని ఎన్నోసార్లు అనుకున్నాను. పుస్తకం చేసే తప్పేముంటుంది అంటారు. నా మూలంగా ఒక మనిషి ఒక్క అబద్ధం రాశాడు. రాసిన చోటు నా ఒళ్లే.

వర్షాకాలం దాటకముందే షాపు మూతపడింది, పుస్తకాలన్నీ కాటా మీదికెక్కి పాత కాగితాల కొట్టుకు చేరాయి. నేనూ అక్కడే, గైడు పుస్తకాల కట్ట కింద ఉన్నాను. ఆ గైడ్లు వేసింది వెంకటరత్నమేనట. బాగా అమ్ముడుపోతాయట. నా నీతుల పేజీని మొన్న బఠాణీల బండివాడు పొట్లం చుట్టుకున్నాడు.

నన్ను కాటా వెయ్యకముందు, ఖాళీ అరల మధ్య సెల్‌ఫోన్ల కొట్టు పెట్టేవాడు టేపు పట్టి నేల కొలిచాడు. రెండో కొస సత్తిరాజే పట్టుకున్నాడు. దస్తావేజు రాసే గుమాస్తా పైకి చదివాడు. స్టేషన్ రోడ్డు, తూర్పు ముఖం, ఏడడుగుల వెడల్పు, పదకొండడుగుల మూడంగుళాల లోతు.