గీతకు బయటపడ్డ ఇల్లు

మా ఊరు మార్‌థార్ప్‌లో సముద్రం ఏటా రెండు మీటర్ల నేల తింటుంది. ఇది మాకు కొత్త కాదు. మా తాత క్రికెట్ ఆడిన మైదానం ఇప్పుడు చేపల సొత్తు. కొత్త సంగతల్లా, కౌన్సిల్ వాళ్లు దాన్ని కాగితం మీద పెట్టడమే.

నిరుడు ఫిబ్రవరిలో జిల్లా కౌన్సిల్ నుంచి, వాతావరణం మారుతోంది కాబట్టి ఎక్కడ కట్టుకోవచ్చో ఎక్కడ కూడదో చెబుతూ నాలుగు వందల పేజీల ముసాయిదా వచ్చింది. చివర్లో ఒక మ్యాపు. మ్యాపులో తీరం పొడుగునా ఒక ఎర్రగీత. గీతకు సముద్రం వైపున్న నేల ముందు ముందు పోతుందట, అక్కడ కొత్తగా ఏమీ కట్టకూడదట. మా ఊరి తీరం వీధిలో ముప్ఫై ఒక్క ఇళ్లూ గీత లోపల పడ్డాయి. మీ అభిప్రాయాలు ఆరు వారాల్లో తెలపండి అని అడుగున ఒక మర్యాద.

నేను ఊరి కౌన్సిల్‌కు గుమాస్తాను. వారానికి ఎనిమిది గంటల ఉద్యోగం, రోజంతా తిట్లు. ఆ నాలుగు వందల పేజీలు ఎవరైనా చదవాలంటే నేనే చదవాలి. చదివానని అందరికీ చెప్పాను. నిజానికి మ్యాపు చూశాను, ముందు పది పేజీలు తిరగేశాను, మిగతాది బల్ల కింద పెట్టాను. సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

మా అధ్యక్షుడు రేమండ్ ఆంబ్లర్ ఊరి హాల్లో మీటింగు పెట్టాడు. ఆయన ఇల్లు కూడా తీరం వీధిలోనే.

“గీత లోపల ఇల్లంటే ఎవడు కొంటాడయ్యా? బ్యాంకువాడు మొహమైనా చూస్తాడా? మనం బతికుండగానే వీధికి చావు సర్టిఫికెట్టు రాశారు!” అని బల్ల గుద్దాడు. టీ కప్పులు గలగలలాడాయి. అందరం చప్పట్లు కొట్టాం.

రెండు వందల పద్నాలుగు సంతకాలతో అర్జీ పంపాం. జిల్లా కౌన్సిల్ నుంచి జవాబొచ్చింది: ధన్యవాదాలు, మీ అర్జీని ఒక అభిప్రాయంగా నమోదు చేశాం.

“రెండొందల పద్నాలుగు మందిమి కలిసి ఒక్క మనిషా?” అన్నాడు రేమండ్.

“మాట ఒకటే అయితే ఎంతమంది చెప్పినా ఒకటే లెక్కట. ఎవరి మాటల్లో వాళ్లు రాయాలట,” అన్నాను నేను.

“అయితే రాయించు. గుమాస్తావి నువ్వే కదా.”

అలా మార్చిలో, వానలో, ఫారాల కట్ట చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఫారం మీద రెండు గడులు: మద్దతు, అభ్యంతరం. కింద కారణం రాయడానికి నాలుగు గీతలు. ఒకాయన ఆ నాలుగు గీతల్లో మూడు పక్కింటి కుక్కకే కేటాయించాడు. నాకెందుకో ఊరంతటినీ నేనే కాపాడుతున్నానని గర్వంగా ఉండేది.

డల్సీ స్టాథర్స్ ఆంటీది వీధి చివరి నుంచి మూడో ఇల్లు. ఆమె మా బడిలో ముప్ఫై ఏళ్లు వంట చేసింది, నాకూ అన్నం పెట్టిన చెయ్యే. ఆమె కోళ్ల గూటి నుంచి, సముద్రం కోసేస్తున్న కొండచరియ అంచుకు పద్దెనిమిది మీటర్లు. ఊరి వెనక ఆమెకు బంగాళాదుంపలు వేసుకునే పొలం చెక్క ఒకటుంది. ఇల్లు పడిపోయేలోపు ఆ చెక్కలో రెండు గదులు వేసుకుని ఈ ఊళ్లోనే ఉండిపోవాలన్నది ఆమె కోరిక. పొలాల్లో ఇళ్లు కుదరవని కౌన్సిల్ అప్పటికే రెండుసార్లు అర్జీ తిప్పికొట్టింది.

నేను వెళ్లేసరికి, ముందురోజు ఇచ్చి వెళ్లిన ఫారం ఆమె నింపి బల్ల మీద పెట్టింది. చూస్తే మద్దతు గడిలో టిక్కు.

“ఆంటీ, తప్పు గడిలో పెట్టారు!” అన్నాను.

“అవునా?” అంది.

“మద్దతంటే ఆ గీత ఉండాలని. మనం వద్దంటున్నాం కదా.”

ఆమె నా చంకలోని కట్ట వైపు చూసింది. “అంతా అదే రాస్తున్నారా?”

“ఒక్కరు కూడా తప్పకుండా.”

“సరేలే, ఇంకో ఫారం ఇవ్వు,” అంది. అభ్యంతరం గడిలో టిక్కు పెట్టింది. ఏం రాయమంటావని అడిగితే నేనే చెప్పాను: అలలను ఆపే పాత కర్రల అడ్డుకట్ట ఇంకా నిలిచే ఉంది, మా ఇంటికి ఇప్పట్లో ముప్పు లేదు. ఆమె గుండ్రటి అక్షరాలతో రాసింది. టీ ఇచ్చింది, బిస్కెట్లు పొట్లం కట్టి ఇచ్చింది.

సెప్టెంబరులో గెలిచాం. అడ్డుకట్టను లెక్కలోకి తీసుకుని మళ్లీ కొలిచామని, ఎర్రగీతను సముద్రం వైపు జరిపామని కౌన్సిల్ ప్రకటించింది. ముప్ఫై ఒక్క ఇళ్లూ గీతకు బయటపడ్డాయి. ఆ రాత్రి వేయించిన చేపలమ్మే దుకాణంలో నిలబడే చోటు లేదు. రేమండ్ నన్ను అందరి ముందూ ఎత్తి తిప్పాడు, నా నడుం రెండు రోజులు పట్టేసింది.

పది రోజులకు డల్సీ ఆంటీ ఒక ఉత్తరం పట్టుకుని వచ్చింది. బంగాళాదుంపల చెక్క కోసం మూడోసారి అర్జీ పెట్టింది, మూడోసారీ కాదన్నారు. కారణం: ప్రస్తుత ఇల్లు తీరమార్పు ప్రాంతంలో, అనగా ఎర్రగీత లోపల, లేదు.

నాకు తలా తోకా తెలియలేదు. కౌన్సిల్‌కు ఫోన్ చేశాను. టోబీ అనే కుర్ర అధికారి ఎత్తాడు.

“రెండు వందల పదిహేడో పేజీ చూశారా మేడమ్?” అన్నాడు. “గీత లోపల ఇల్లున్నవాళ్లు దాని బదులు వెనక పొలాల్లో ఒక ఇల్లు కట్టుకోవచ్చు. మామూలుగా కుదరని చోట కూడా.”

“మరి ఈమెకు?”

“ఆవిడ ఇల్లు బయట ఉంది కదండీ.”

“బయటంటే మంచిది కాదా?”

“అమ్ముకునేవాళ్లకు మంచిదే. ఇల్లు పడిపోయేవాళ్లకు కాదు.”

“ఇంతకీ మేం గెలిచామా, ఓడామా?”

“మీరు వద్దన్నారు, మేం సరేనన్నాం మేడమ్,” అన్నాడు టోబీ. అతని గొంతులో వెటకారం ఏమీ లేదు. అదే ఇంకా మండింది నాకు.

అయితే ఒక దారి ఉందన్నాడు. గీత జరిపారు కాబట్టి, ఆ జరపడం మీద మళ్లీ ఆరు వారాలు అభిప్రాయాలు తీసుకుంటారట. మళ్లీ ఫారాల కట్ట చంకన పెట్టాను. ఏ గుమ్మాల్లో గీత వద్దని చెప్పించానో అవే గుమ్మాల ముందు నిలబడి, గీత కావాలని చెప్పండి అని అడగాలి. అడుగుతుంటే నాకే అర్థం కాలేదు, వినేవాళ్లకు ఏం అర్థమవుతుంది?

“అంటే మొదట మనం చేసింది తప్పా?” అంది డల్సీ ఆంటీ ఎదురింటి లోర్నా. ఆమె పెరట్లో అప్పటికే ఇల్లు అమ్మకానికి అన్న బోర్డు పాతి ఉంది.

“తప్పు కాదు. కానీ ఒప్పు కూడా కాదు.”

“హేజెల్, నీకు ఒంట్లో బాగానే ఉందా?” అని తలుపేసింది.

రేమండ్ అయితే తలుపు కూడా పూర్తిగా తియ్యలేదు. “గెలిచిన మ్యాచ్ మళ్లీ ఆడమంటావా? నీ నోటితోనే ముప్పు లేదన్నావు, ఇప్పుడు నీ నోటితోనే ఉందంటున్నావు. ఏది నిజం?”

“రెండూ నాకు తెలియవు,” అన్నాను. ఆ నెలంతటిలో నేనాడిన నిజం అదొక్కటే.

అయిదు వారాల్లో నాకు దొరికిన ఫారాలు సున్నా. గడువుకు ముందురోజు డల్సీ ఆంటీ వంటింట్లో కూర్చుని ఏడుపు ఆపుకుంటూ చెప్పేశాను. “ఆ రోజు మీరు పెట్టిన టిక్కే సరైనది. నేను చదవకుండా మాట్లాడాను. మీ కొంప నేనే ముంచాను.”

ఆమె టీ కెటిల్ కింద పెట్టింది. “నాకు తెలుసు,” అంది.

“ఏం తెలుసు?”

“రెండు వందల పదిహేడో పేజీ. ఊరూరూ తిరిగే లైబ్రరీ బండిలో ఆ పుస్తకం వచ్చినప్పుడే చదివాను. నాకింకేం పని?”

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీద, నా మీద, ఎవరి మీదో తెలియకుండానే. “మరి ఎందుకు మార్చారు? నాకు చెప్పొచ్చు కదా!”

“వానలో తడిసొచ్చావు. రేమండ్ అంతకు ముందు వారమే నా ఇంటి పెంకులు సర్ది వెళ్లాడు. లోర్నాకు ఇల్లు అమ్ముడుపోతే గానీ గతి లేదు.” ఆమె చేతులు తుడుచుకుంది. “మా ఇల్లు పోతుంది అని నేను రాస్తే, మీ ఇళ్లూ పోతాయి అని అందరి మొహానా అన్నట్టే కదమ్మా. ఎలా అంటాను?”

 ఆమె నా చంకలోంచి ఒక ఫారం లాక్కుని కూర్చుంది. కలం మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసింది. తర్వాత గుండ్రటి అక్షరాలతో ఒక్క వాక్యం రాసి నావైపు తిప్పింది.

మా ఇల్లు పడిపోతుంది, నన్ను మన్నించండి.

“మన్నించండి ఎందుకు ఆంటీ? ఇది కౌన్సిల్‌కు కదా,” అన్నాను.

“ఫారాలన్నీ అందరూ చూసేలా బయటపెడతారట, వీధిలో వాళ్లు కూడా చదువుతారు కదా,” అని ఆమె కవరు అతికించింది.