పటంలో కళ్ళు

“చీర మార్చుకో. ఉప్పల్‌ల ఆడమనిషి పోయిందట, నువ్వే పోవాలె,” అన్నాడు మహిపాల్, స్టూడియో ఫోన్ పెట్టేసి.

నేను దోసెల పిండి రుబ్బుతున్నాను. మోచేతుల దాకా పిండే. ఐదో నెల కావడంతో కాసేపు వంగితే నడుం పట్టేస్తోంది. కడుపుతో ఉన్న పిల్లను శవం దగ్గరికి తోలతావా అని మా అత్త సారలమ్మ అడ్డుపడుతుందేమోనని ఆమె వైపు చూశాను. ఆమె మాత్రం, “మొగం సూడకుంట తియ్యి బిడ్డా,” అంది.

ముఖం చూడకుండా ముఖం ఫోటో ఎట్లా తీయాలో చెప్పలేదు.

నాచారం మెయిన్ రోడ్డు మీద మాది ముందు గది స్టూడియో, వెనక రెండు గదులు ఇల్లు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు మహిపాల్ తీస్తాడు. ఆడవాళ్లు చనిపోతే మాత్రం నన్ను పంపుతాడు. ఎందుకంటే అక్కడ ఫోటో తీయడం ఒక్కటే పని కాదు. గోడకు ఆనించి కూర్చోబెట్టిన మనిషికి కొంగు సర్దాలి, దవడకు కట్టిన గుడ్డ విప్పాలి, తల పక్కకు వాలకుండా రెండు చేతులతో పట్టి నిలపాలి. అలా పరాయి మగవాడు ముట్టుకుంటే ఇంటివాళ్లు ఒప్పుకోరు. అందుకని పెళ్లయిన ఏడాది నుంచీ ఈ పని నాది. ప్రతిసారీ భయమే. ఆ చెంపల చల్లదనం వారం రోజులు నా వేళ్లను వదలదు, అన్నం కలుపుతుంటే ఒక్కసారిగా గుర్తొచ్చి ముద్ద దిగదు. తిరిగొచ్చాక వాకిట్లోనే బకెట్ నీళ్లతో తలస్నానం చేసి, తల తుడుచుకుంటూ పొయ్యి వెలిగించాలి. “మా ఆమె జర హెల్ప్ జేస్తది,” అని మహిపాల్ అందరికీ చెప్తాడు. హెల్ప్ అంటే ఇదే.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వేసిన రోజులవి. ఆటో దిగి దుమ్ములో నడిచి వెళ్లాను. పోయినామె పేరు మానస, ఇరవై మూడేళ్లు, అయిదు రోజుల జ్వరం. మామ హనుమాండ్లుది ఆ ఊళ్లో పాత కుటుంబం, ఇల్లంతా మనుషులు. నేను మానస తల నిలబెడుతుంటే ఆమె అత్త నా పక్కకు వచ్చి గొంతు తగ్గించింది.

“కండ్లు తెరిసినట్టు జేసియ్యిండ్రి. ఆమెకు మెల్లకన్నుండె. గది లేకుంట సక్కగ జెయ్యాలె. దినాల నాడు సుట్టాలంత సూస్తరు.”

చనిపోయి మూడు గంటలు కూడా కాలేదు. నేను తల ఊపాను. అదే మాట ఇంటికొచ్చి మహిపాల్‌కు చెప్పాను. “అయిపోతది తియ్,” అన్నాడు. కళ్ళు మూసిన వాళ్లకు కంప్యూటర్‌లో ఏదో గీస్తాడనుకునేదాన్ని. ఎలా చేస్తాడో నేనెప్పుడూ అడగలేదు.

పటాలు ఎప్పుడూ మహిపాలే ఇచ్చొస్తాడు. ఈసారి పెళ్లి ఆర్డర్ ఉండటంతో, పదకొండో దినం పటం చేర్చే పని కూడా నాకే పడింది. పేపర్‌లో చుట్టి ఇచ్చింది ఇచ్చినట్టే పట్టుకుపోయాను. హనుమాండ్లు పేపర్ చింపి, పటం గోడకు తగిలించి, దండ వేశాడు. ఎవరో దీపం పెట్టారు. అప్పుడు తల ఎత్తి చూశాను.

మానస నన్ను చూస్తోంది. నా కళ్ళతో.

ముందు అర్థం కాలేదు. తెలిసినవాళ్లెవరో చూస్తున్నట్టు అనిపించింది, అంతే. తర్వాత ఎడమ కంటి తెల్లగుడ్డులో గోధుమరంగు చుక్క కనపడింది. చిన్నప్పుడు కంది పుల్ల గుచ్చుకుంటే మిగిలిన మచ్చ, రోజూ అద్దంలో చూసుకునేదే. నా కళ్ళ ముందు దీపం వెలుగుతోంది, నా కళ్ళ కింద దండ వేలాడుతోంది, అగరొత్తుల పొగ నా కళ్ళ మీదికే పోతోంది. కడుపు మీద చెయ్యి వేసుకున్నాను. లోపల బిడ్డ కదల్లేదు. కదలాలి కదా, ఈ వేళకు కదులుతుంది కదా అని లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

“ఇది నా బిడ్డ గాదు,” అంది ఒక ఆడగొంతు. మానస తల్లి బాలనర్సమ్మ. నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుందట. “నా బిడ్డ గిట్ల సూడదు. ఇటు సూస్తే అటు సూసినట్టుంటది. ఎవల పటం వెట్టిన్రు?”

“సచ్చినంకనన్న సక్కగుండొద్దా వదినా,” అంది మానస అత్త. “మేమే జేయించినం.”

బాలనర్సమ్మ చుట్టూ చూసింది. ఆ చూపు వచ్చి నా ముఖం మీద ఆగింది. పటం వైపు చూసి, మళ్లీ నన్ను చూసింది. నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయటపడ్డాను.

ఆటోలో కూర్చున్నాక గుర్తొచ్చింది. రెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం మహిపాల్ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. నా ఫోటో తీస్తాడని తల దువ్వుకుని, పెళ్లినాటి చీర కట్టుకుని వచ్చాను. “నవ్వకు. ఊకె సూడు. ఇటు సూడు, జర కిందికి సూడు,” అంటూ చాలా తీశాడు. ఆ ఫోటోల్లో చీర పడనే లేదని నాకప్పుడు తెలియదు. ప్రింటు ఇవ్వమని ఎన్నిసార్లు అడిగానో.

మహిపాల్ ఇంకా పెళ్లి ఆర్డర్ నుంచి రాలేదు. పాస్‌పోర్ట్ ఫోటోలు ప్రింటు తీసేంత కంప్యూటర్ నాకూ వచ్చు. వెతికితే దొరికింది. ‘లేడీస్ ఐస్’, ఆడవాళ్ల కళ్ళు అని పేరు పెట్టిన ఫోల్డర్. అందులో నా ముఖం లేదు. కనుబొమల కింది నుంచి చెంపల పైదాకా కత్తిరించిన నా కళ్ళే, వరసగా. పక్క ఫోల్డర్‌లో పదిహేడు మంది ఆడవాళ్లు. అందరినీ నేనే కూర్చోబెట్టాను, నేనే తల పట్టి నిలిపాను. డెబ్బయ్యేళ్ల ముసలామెకు నా కళ్ళు కొంచెం కుదించి పెట్టాడు. నాగోల్‌లో నెలల బిడ్డను వదిలి పోయిన బాలింతకు ఉన్నవి ఉన్నట్టే పెట్టాడు. పదిహేడు గోడల మీద నేను చచ్చిపోయి వేలాడుతున్నాను. ఈ బిడ్డను కనడానికి దవాఖానకు పోతే తిరిగొస్తానా? గది తలుపు బార్లా తీసి, వెలుతురులో కూర్చున్నాను.

సాయంత్రం ఆయన రాగానే అడిగాను.

“ఎవలికి తెలుస్తది?” అన్నాడు షర్టు విప్పుతూ. “నీ కండ్లు మంచిగుంటయని పెట్టిన. సంతోషపడాలె నువ్వు.”

“నన్ను అడగలె గద.”

“నా పెండ్లానివి. నిన్ను అడుగుడేంది?”

మా అత్త గుమ్మం దగ్గర బియ్యం ఏరుతోంది. ఆమె చేతులు ఆగిపోయాయి. “మరి నేను పోతే గూడ గవ్వే పెడుతవారా?” అంది మెల్లగా. “నా కండ్లు మూసుకొనుంటే, ఈ పిల్ల కండ్లు వెట్టి తెరుస్తవా?”

మహిపాల్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. మొదటిసారి ఆ ఇంట్లో ఇంకొకరు కూడా భయపడుతున్నారని నాకు తెలిసింది.

మూడో రోజు పగటి షిఫ్టు దిగి బాలనర్సమ్మ స్టూడియోకు వచ్చింది. నేనొక్కదాన్నే ఉన్నాను. కౌంటరు మీద చేతులు పెట్టి, నా ముఖంలోకి చూస్తూ అంది.

“గవ్వి నీ కండ్లే గద బిడ్డా.”

అరుస్తుందనుకున్నాను, శాపం పెడుతుందనుకున్నాను. అవునని తల ఊపాను.

“నా బిడ్డను అత్తగారింట్ల మెల్లది అనే పిలిచిన్రు, పేరు వెట్టి పిలవలె. సచ్చినంక ఆ కన్ను గూడ తీసేసిన్రు. నాకు కండ్లు మూసిన ఫోటోనే ఇయ్యి. గది నా బిడ్డ. నిద్రవోయినట్టన్న ఉంటది.”

ఇంటివాళ్లకు చెప్పకుండా ఇవ్వకూడదు. హనుమాండ్లుకు తెలిస్తే స్టూడియో మీదికి మనుషులతో వస్తాడు. మహిపాల్‌కు తెలిస్తే ఏం చేస్తాడో ఊహించలేను. ఇవన్నీ అనుకుంటూనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మూడుసార్లు తప్పు ఫోటో తెరిచాను. ప్రింటు బయటికి వచ్చాక బాలనర్సమ్మ దాన్ని గుండెకు హత్తుకోలేదు, ఏడవలేదు. ఆ మూసిన రెప్పల మీద బొటనవేలు పెట్టి, చాలాసేపు అలాగే నిలబడింది. వెళ్లేముందు, “నువ్వు కడుపుతోనున్నట్టున్నవ్. పైలం బిడ్డా,” అంది.

ఆమె వెళ్లాక ‘లేడీస్ ఐస్’ తీసేశాను. కంప్యూటర్‌లోని చెత్తబుట్టలోంచి కూడా తీసేశాను. తర్వాత మిగతా పదహారు మందివీ కళ్ళు మూసిన ఫోటోలు ఒక్కొక్కటిగా ప్రింటు తీశాను. వరసగా కౌంటరు మీద ఆరబెడుతుంటే మహిపాల్ వచ్చాడు. కంప్యూటర్ చూసి, నన్ను చూశాడు.

“దిమాక్ ఖరాబైందా? ఎవలనడిగి తీసేసినవ్?”

“నావి నేను తీసుకున్న.”

చెయ్యెత్తాడు. నేను కడుపుకు రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి మా అత్త ఆయన మణికట్టు పట్టుకుని ఉంది. “నన్ను గూడ గట్లనే జేద్దువు నువ్వు,” అంటోంది, పాతికేళ్ల కోపమేదో బయటికి వచ్చినట్టు. “ఈ ఫోటోలు పట్టుకొని బైటికి వోతే మల్ల ఇంట్ల అడుగు వెట్టకు,” అన్నాడాయన నాతో. ఆ మాటకు నాకు నిజంగా భయమేసింది. ఎక్కడికి పోవాలో తెలియదు.

అయినా మర్నాడు పదిగంటలకు ఫోటోలు సంచిలో పెట్టుకున్నాను. ఆ ఇళ్ళన్నీ నాకు తెలుసు. అందరికంటే దగ్గర రామంతాపూర్. చెరువు అవతల, రిటైరైన టీచరు అచ్యుతరావు గారిల్లు. ఆయన భార్య కమలకుమారి పోయి ఏడాదిన్నర. తలుపు తట్టబోయి రెండుసార్లు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మూడోసారి తట్టాను.

ఆయన తలుపు తీశారు. నా కళ్ళలోకే చూస్తున్నారు. చేతికర్ర గోడకు ఆనించి, తలుపు పూర్తిగా తెరిచి, పక్కకు జరిగి దారి ఇచ్చారు.

“వచ్చినవా కమలా,” అన్నారు. “రోజూ సూస్తనే ఉంటవు, ఒక్క మాట మాట్లాడవు.”

పారిపోదామనిపించింది, పటంలోని ఆమెలాగే ఊరుకుందామనీ అనిపించింది. లోపల బిడ్డ గట్టిగా తన్నింది. గడప పట్టుకుని నిలబడ్డాను.

“కమలమ్మ గాదు సార్. నా పేరు పద్మావతి,” అన్నాను. “ఆ పటంల కండ్లు నావి. నేను బతికే ఉన్న.”