అల్లుడి నిజాయితీ మీద విచారణ

మా అల్లుడికి నిజాయితీ ఉందో లేదో కనుక్కోవడానికి ఒక అధికారి మా ఇంటికి వస్తాడట! ఆ మాట విని నాకు నవ్వాగలేదు. ఉన్నదాన్ని వెతికితే దొరుకుతుంది గానీ, లేనిదాన్ని పాపం ఆ పెద్దమనిషి ఏ మూల వెతుకుతాడు?

అతను పరీక్ష రాసిన ఉద్యోగం పెద్దాసుపత్రి మందుల గదిలో. తాళాలన్నీ చేతిలో ఉంటాయి. ఏ మందు లోపల పెట్టాలో, ఏది పారేయాలో అతని మాటే మాట. ఊళ్లో సగం మంది మింగేది అక్కడి మందే. నా బీపీ మాత్రలూ, ఆయాసంతో సతమతమయ్యే మా మనవరాలి మందూ అక్కడివే. అందుకే రాతపరీక్ష నెగ్గినవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఇంట్లోవాళ్లనీ ఇరుగుపొరుగునీ విడివిడిగా అడుగుతారట.

అల్లుడు రోజుల తరబడి మాకూ పక్కింటివాళ్లకూ తర్ఫీదు ఇచ్చాడు. తనే అధికారినన్నట్టు కుర్చీలో కాలు మీద కాలేసుకుని ప్రశ్నలు వేసేవాడు. ఎవరో మరిచిపోయిన గొడుగుని జోరువానలో తడుస్తూ వెళ్లి తిరిగి ఇచ్చాడని మేం చెప్పాలి. గొడుగు చేతిలో ఉండగా ఈ మహానుభావుడు తడవడమేమిటని మాత్రం ఎవరూ అడగకూడదు.

"అత్తయ్యా, 'మా అల్లుడికి అబద్ధమంటేనే తెలీదు' అనండి చాలు. అనేటప్పుడు కాస్త కళ్లు తుడుచుకుంటే ఇంకా బాగుంటుంది."

"ఉల్లిపాయ దగ్గర పెట్టుకోనా నాయనా?" అన్నాను.

అమ్మాయి నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "నీకు దణ్ణం పెడతానమ్మా. ఈ ఒక్కసారికి నోరు కట్టేసుకో. ఎన్నాళ్లని నీ పెన్షన్ మీద పడి తింటాం?"

అతగాడికి పాత ఉద్యోగం ఎందుకు ఊడిందో దానికి తెలియనిది కాదు. మందుల షాపులో పనిచేసేటప్పుడు గడువు తీరిన మాత్రల అట్టలు సంచీలో ఇంటికి తెచ్చేవాడు. మా భోజనాల బల్ల మీదే పరిచి, గోళ్లరంగు తుడిచే ద్రావకంలో దూది ముంచి, పాత తేదీలు చెరిపి కొత్తవి గుద్దేవాడు. అమ్మాయి పక్కన కూర్చుని సీసా పట్టుకునేది. యజమాని కనిపెట్టి, షాపు పరువు పోతుందని గుట్టుగా సాగనంపాడు.

అధికారి రానే వచ్చాడు. నన్ను ముందుగదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేశాడు. నిజం చెప్పొద్దూ, నోరు కట్టుకుందామనే కూర్చున్నాను.

"మీ అల్లుడు ఇచ్చిన మందుని మీరు కళ్లు మూసుకుని వేసుకుంటారామ్మా?" అని అడిగాడు.

లోపలి గదిలో మనవరాలు దగ్గుతోంది. ఇక నావల్ల కాలేదు. బల్ల, దూది, సీసా, అన్నీ చెప్పేశాను.

ఆయన రాయడం ఆపాడు. "ఇది చాలా పెద్ద మాటమ్మా. మీరు కాక ఇంకెవరైనా చూశారా?"

"అప్పుడు మా అమ్మాయి పక్కనే ఉంది. పిలిచి అడగండి."

అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"అమ్మకి చూపు సరిగ్గా ఆనదండీ. పైగా మా ఆయనంటే మొదట్నుంచీ పడదు," అంది.

కన్నకూతురు! అధికారి మాత్రం హమ్మయ్య అనుకున్నట్టే ఉన్నాడు. పక్కింటివాళ్లతో సహా అందరూ గొడుగు అన్నారు, నేనొక్కదాన్నే సీసా అన్నాను. అందరిదీ ఒకటే మాటైతే అదే నిజమట, ఏం తెలివి! "పెద్దవారు, కాస్త విశ్రాంతి తీసుకోండమ్మా," అని నాకే సలహా ఇచ్చి వెళ్లాడు.

ఉద్యోగం వచ్చింది. రాకేం చేస్తుంది? అల్లుడు వచ్చి నా కాళ్ల మీద పడ్డాడు.

"దీవించండి అత్తయ్యా."

"నీ చేతి మందు మింగేవాళ్లని దీవిస్తాను. అవసరం వాళ్లది," అన్నాను. సిగ్గులేకుండా పళ్లికిలించాడు.

ఆ సాయంత్రం అతను స్వీట్లు పంచడానికి వీధిలోకి వెళ్లాక, అమ్మాయి నా పక్కన చేరింది. పాప మందు అయిపోవచ్చిందంది. గొంతు బాగా తగ్గించింది.

"అమ్మా, ఇకనించి పాపకి మందు బయట కొందామా?"

ఒళ్లు భగ్గుమంది. "కొందాం తల్లీ, కొనకేం! మరి ఊళ్లోవాళ్లకి ఈ మాట నువ్వు చెప్పొస్తావా, నన్ను చెప్పి రమ్మంటావా?"