టైమ్‌లైన్‌లో లేని చుక్క

“‘ఆ పొద్దు గోడమీది గీతలో లేకుంటే ఎవరి కొంపా మునగదు’ అంటివి కదా నిన్న? ఈ పొద్దూ అదే పాట. ఎందుకు మేస్త్రీ?”

హిమజ గొంతు మెట్ల దాకా ఇనపడతాంది. ఆళ్లగడ్డ షెడ్డులో ముప్పైయేండ్లు విగ్రహాలు చెక్కించిన మేస్త్రీ దేవరాజు, గోడకల్లా చూస్తా నిలబడినాడు.

నంద్యాలలో ఈ శిల్పుల ట్రైనింగ్ హాలు పెట్టి నాలుగు నెల్లు. కొత్తగా ఉలి పట్టేటోళ్లకు ఉత్త మాటలు ఎక్కవని పాఠం చెప్పే హిమజ గోడ పొడుగునా టైమ్‌లైన్ గీత గీసింది. దేవరాజు షెడ్డులో జరిగిన పనంతా తేదీల వారీగా చుక్కలు. చుక్క మీద వేలు పెడితే ఆ పొద్దే హాల్లోకి వస్తాది. ఉలి చప్పుడు, దేవరాజు తిట్లు, రాతిదుమ్ము, అన్నీ.

“ఈడ నువ్వుంటే కొడతావా, ఆపతావా?” అని హిమజ నేర్చుకునేటోళ్లను అడుగుతాది. తప్పు చెప్తే విగ్రహం ముక్కు ఊడొచ్చి కాళ్లకాడ పడతాది.

క్లాసయినాక ఊడ్చేది వాచ్‌మన్ ఎజ్రా. “ఈ పొద్దు రెండువేల తొమ్మిది నాటి దుమ్ము, శానా సన్నం,” అని గొణుక్కుంటా చీపురు తీస్తాడు.

ఎజ్రా కూడా ఒకప్పుడు ఆ షెడ్డులోనే చెక్కేవాడు. మంచి చెయ్యి. పదకొండేండ్ల కిందట ఒక నరసింహస్వామి విగ్రహం ఆయన ఉలి కింద నడిమికి చీలింది. దెబ్బ తప్పినాడు అన్యారు అందరూ. మళ్లా ఎవరూ ఆయనకు రాయి ఇయ్యల్యా. గీతలో లేనిది ఆ పొద్దే.

“రాయి ఎందుకు చీలతాదో నేర్పించాల కదా,” అనింది హిమజ మళ్లా, క్లాసు పిల్లోళ్ల ముందరే.

దేవరాజు, చీపురు పట్టుకోని నిలబడిన ఎజ్రా కల్లా చూసి, చాక్‌పీసు తీసుకోని చుక్క తానే పెట్టినాడు.

“ఎజ్రా, ఇట్లా రాప్పా. నువ్వే వేలు పెట్టు.”

ఉలి పెట్టకముందు రాయిని సుత్తితో తట్టి చప్పుడు ఇంటారు. మంచిరాయి గంట మాదిరి మోగతాది. తట్టేది పెద్ద మేస్త్రీ ఒక్కడే. ఆయన బాగుందన్నాక ఇంకొకరు తట్టితే ఆయన్ను నమ్మనట్ల.

ఎజ్రా వేలు పెట్టినాడు. ఆ పొద్దు తెల్లారుజాము షెడ్డు కండ్లముందరికి వచ్చింది. దేవరాజు ఒక్కడే ఉండాడు, తల ఇంకా నల్లగుండాది. రాయిని తట్టినాడు.

టప్.

పగిలిన కుండ చప్పుడు, లోపల చీలికుండే రాయిది. ఆ దేవరాజు అటూ ఇటూ చూసినాడు. అరిచెయ్యి పంచెకు తుడుచుకున్యాడు. “ఎజ్రా, రాయి బాగుంది, మొదలుపెట్టప్పా,” అని బయటికి కేకేసినాడు.

“ప్రతిష్ఠకు ఇరవై రోజులే ఉండె,” అన్యాడు ఇప్పటి దేవరాజు. “ఇంకో రాయి వచ్చేతలికి నెల.”

“నా పెండ్లాం ఆదెమ్మ పోయి రెండేండ్లాయె,” అన్యాడు ఎజ్రా, చుక్క మీంచి వేలు తియ్యకుండానే. “నా చెయ్యే తప్పిందనుకుంటానే పోయింది. నేనూ అదే చెప్తిని ఆయమ్మకు.”

మరుసటి వారం నించీ రాయి చప్పుడు పాఠం ఎజ్రాదే. పదకొండేండ్లుగా ఉలి ముట్టల్యా, చెవి మాత్రం పోల్యా. ఆ చుక్క కాడికి వచ్చి, “ఈడ మీరుంటే చెప్తారా, దాస్తారా?” అంటాడు.

“చెప్తామన్నా!” అంటారు అందరూ, ఒక్క గొంతుతో.

ఎజ్రా నవ్వుతాడు. దేవరాజు ఎనక వరసలో తల దించుకోని, దుమ్ము ఊడుస్తాంటాడు.

సరే, వాళ్లు చిన్నోళ్లు. ఇరవై రోజుల్లో ప్రతిష్ఠ, షెడ్డులో ఎవరూ లేరు, ఆ చప్పుడు మీ ఒక్కరి చెవినే పడింది. మీరు చెప్పి ఉందురా?